మూడో టిక్కు

వెల్డా ప్రూయిట్‌ని కిందటి వారం మనం సరే అనలేక, కాదనలేక నలుగుతుండగా వదిలి వచ్చాం. మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చిన్న ఊరు బ్రైర్ గ్యాప్‌లో ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు తోలి, రిటైరయ్యాక గన్ క్లబ్బులో ఆడవాళ్ళకి కాల్చడం నేర్పుతున్న మనిషి వెల్డా. రోగుల ఇళ్ళకి తిరిగే నర్సు ట్వైలా ఆరు వారాలుగా ఆవిడ దగ్గర నేర్చుకుంటోంది. ట్వైలా కుడి మణికట్టుని మాజీ మొగుడు కోయ్ గ్రిగ్స్ కారు తలుపులో పెట్టి విరిచాడు. ఆ పని చేసినందుకు కౌంటీ జైల్లో కూర్చున్నాడు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వాణ్ణి వదిలేస్తారు. సోమవారం నాడు ట్వైలా తన లంచ్ సంచిలోంచి ఓ చిట్టి రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టి, "ఇది నాకు పనికొస్తుందా, మిస్ వెల్డా?" అని అడిగింది. వెల్డా దాని ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి చూసి మురిసిపోయింది. అయినా నోరు జారలేదు. మూడొందల తూటాలు కాల్చి చూడందే ఆవిడ దేనికీ సరే అనదని చుట్టుపక్కల మూడు ఊళ్ళకీ తెలుసు.

ఇవాళ గురువారం.

పొద్దున పదింటికల్లా ఇద్దరూ క్లబ్బువాళ్ళ కాల్పుల రేంజ్‌లో ఉన్నారు. ఏడు గజాల అవతల మట్టిగట్టు ముందు కర్రకి ఓ కాగితం ప్లేటు కొట్టి ఉంది. చర్చిలో విందులకి కొన్న ప్లేట్లు ఎప్పుడూ మిగులుతాయి, మిగిలినవన్నీ వెల్డా దగ్గరికి చేరతాయి.

ముందు జేబు సంగతి తేల్చుకోవాలి. ట్వైలా తొడుక్కున్నది నర్సుల నీలం పైజామా, నడుముకి బొందు. రెండు వారాల కిందట క్లబ్బువాళ్ళ పెద్ద పిస్టల్ జేబులో వేసుకుని నడిస్తే పైజామా ఒక పక్కకి జారిపోయి, పాపం ఆ పిల్ల నడుము పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఈ చిట్టిది అలా కాదు. మంచినీళ్ళ సీసా అంత బరువు కూడా లేదు. తోలు తొడుగులో పెట్టి జేబులో వేస్తే పర్సులాగా ఉంది.

"వంగు," అంది వెల్డా. "మంచం మీద ఉన్న ముసలాయన్ని లేపుతున్నట్టు వంగు."

ట్వైలా వంగింది.

"ఇప్పుడు ఆయన నిన్ను వాటేసుకున్నాడనుకో. ఏదో గట్టిగా తగిలి, ఏంటమ్మా ఇది అని అడుగుతాడు. ఏం చెప్తావు?"

"రేంజ్‌లో మీరు తప్ప నన్నెవరూ వాటేసుకోరు, మిస్ వెల్డా. రోగులందరూ తిట్టేవాళ్ళే."

"తిట్టేవాళ్ళే చివరికి వాటేసుకుంటారు హనీ. ఎడమ జేబులో బీపీ మిషను పెట్టుకో. అడిగితే ఇది కూడా అదే అను."

నవ్వుకున్నారు. జేబులోంచి తీయడం, మళ్ళీ పెట్టడం ఖాళీ తుపాకీతో ఇరవైసార్లు చేయించింది వెల్డా. తూటాని కొట్టే సుత్తి దీనికి వెనక బయటికి పొడుచుకుని ఉండదు, లోపలే దాక్కుని ఉంటుంది. అందుకని బట్టకి తట్టుకోదు. ఇంత చిన్న తూటా ఏ మూలకని క్లబ్బులో మగవాళ్ళు వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. పెద్ద తూటా కాల్చితే ఈ పిల్ల విరిగిన మణికట్టు మూడు రోజులు వాచిపోతుంది. మూడు రోజులు సాధన లేని చెయ్యి ప్లేటుకి కాదు, కొండకి కూడా గురి పెట్టలేదు. పైగా చిన్న తూటా చవక, రోజూ వంద కాల్చుకోవచ్చు. వెల్డా ఆలోచన అది. ఆ ఆలోచన తప్పని నిరూపించినవాడు ఇంతవరకు ఆ క్లబ్బులో లేడు.

తర్వాత ప్లగ్గుల ఆట మొదలైంది.

షెల్ఫు బిగించడానికి గోడకి కన్నం పెట్టి, అందులో కొట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ ప్లగ్గులు ఉంటాయి చూడండి. అవి ఈ చిన్న తూటా పట్టే కన్నంలో అచ్చుగుద్దినట్టు కూర్చుంటాయి. ఎవడు కనిపెట్టాడో గాని, ఆ దేశంలో చిన్న తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఓ ప్లగ్గుల సంచి ఉంటుంది. వెల్డా ట్వైలాని అటు తిరగమని, ఎనిమిది కన్నాల చక్రంలో ఆరు అసలు తూటాలు, రెండు ప్లగ్గులు కలిపి పెట్టి, చక్రం గిర్రున తిప్పి మూసి చేతికిచ్చింది. ఏది పేలుతుందో, ఏది పేలదో కాల్చేవాళ్ళకి తెలియదు. పేలుతుందని బెదిరి చెయ్యి ముందే వణికిందా, ప్లగ్గు దగ్గర దొరికిపోతారు. మోత ఉండదు కనక గొట్టం ఎగిరిపడటం ఒక్కటే కనిపిస్తుంది.

మొదటిది పేలింది. ప్లేటులో కన్నం పడింది.

రెండోది టిక్కుమంది. గొట్టం అంగుళం కిందికి వంగింది.

"చూసుకున్నావా?"

"చూసుకున్నా," అంది ట్వైలా పళ్ళు బిగించి.

మూడు, నాలుగు పేలాయి. ఐదోది టిక్కు. ఈసారి గొట్టం రాయిలాగా కదలకుండా ఉంది. వెల్డాకి ముచ్చటేసింది. శెభాష్ అందామని నోరు తెరిచింది.

ఆరోది కూడా టిక్కుమంది.

శెభాష్ అనడం మానేసి వెల్డా మనసులో లెక్కపెట్టుకుంది. తను పెట్టినవి రెండే ప్లగ్గులు. ఆ రెండు టిక్కులూ అయిపోయాయి. ఈ మూడోది ఎక్కణ్ణుంచి వచ్చింది?

"కదలకు," అంది. "ప్లేటు మీదే ఉంచు. వేలు తీసెయ్. నాతోపాటు లెక్కపెట్టు."

పేలని తూటా ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. అందుకని ముప్ఫై లెక్కపెట్టాలి. ఆ దేశంలో సెకన్లు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది, అంకె అంకెకీ వాళ్ళ పెద్ద నది పేరు చేరుస్తారు. ఒకటి మిసిసిపీ, రెండు మిసిసిపీ అంటూ ఇద్దరూ ముప్ఫై మిసిసిపీలు దాటారు. వెల్డా తుపాకీ తీసుకుని, వీపు తిప్పి చక్రం తెరిచింది. రెండు ప్లగ్గులు, మూడు కాలిన తూటా డొల్లలు, ఇంకా వంతు రాని రెండు తూటాలు. వాటి మధ్య అంచు మీద చిన్న నొక్కుతో ఓ మంచి తూటా. ఆవిడ దాన్ని గుప్పిట్లోకి జార్చుకుంది.

"ఎన్ని ప్లగ్గులు పెట్టారు, మిస్ వెల్డా?"

"మూడు," అంది వెల్డా.

"అయితే మూడింట్లో ఒక్కదానికే బెదిరాను. రెండింటికి బెదర్లేదు." ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "పోయిన వారం అన్నింటికీ ఎగిరిపడ్డా."

అది అబద్ధం. ముప్ఫై ఏళ్ళు బస్సు తోలినా ఏ పిల్లకీ ఆవిడ అబద్ధం చెప్పలేదు. కానీ రేపు పొద్దున ఎనిమిదింటి కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్న పిల్లకి, నీ తుపాకీ పేలలేదే అని ఎలా చెప్తుంది? ఒక్క తూటాయే కదా. పెట్టెలో ఓ చచ్చు తూటా ఉండటం వింతేం కాదు. ముందు తేల్చుకోవాలి, తర్వాత చెప్పచ్చు.

"ఇది నా దగ్గర వదిలి వెళ్ళు," అంది. "మూడొందలూ ఇవాళ పూర్తి చేసేస్తా. సాయంత్రం వచ్చి తీసుకో."

ట్వైలా చెయ్యి దానంతటదే ఖాళీ జేబు మీదికి వెళ్ళింది. "మీది ఇవ్వచ్చు కదా, అప్పటిదాకా? ఇదీ అదీ ఒకటేగా."

నిజమే. నాలుగేళ్ళుగా వెల్డా జేబులో ఉన్నది అదే రకం, అదే కొలత. కాని రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఈ మూడో టిక్కు సంగతి తేలదు.

"అది నాకు కావాలి. ఒక్క పూట ఖాళీగా తిరగలేవా? వాడు బయటికొచ్చేది రేపు గదా."

"రేపే," అంది ట్వైలా. "సరే. ఇవాళ ఐదిళ్ళున్నాయి నాకు. నాలుగున్నరకి వస్తా."

పాత నీలం కారు మట్టిరోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు మొదలుపెట్టింది వెల్డా తన పని. ఆవిడకి అనుమానం రాకూడదు, వస్తే అన్నం నీళ్ళు గుర్తుండవు. మూడు రకాల తూటాల పెట్టెలు బల్ల మీద పరిచింది. చక్రం నింపడం, కాల్చడం, పేలనిది ఉంటే ముప్ఫై మిసిసిపీలు ఆగడం, పక్కన పెట్టడం. వందకి వచ్చేసరికి పదకొండు పేలలేదు. ఒకే కన్నంలోవి అయితే ఆ కన్నంలో దోషం అనుకోవచ్చు. ఒకే పెట్టెలోవి అయితే తూటాలది తప్పనుకోవచ్చు. రెండూ కాదు. అన్ని కన్నాల్లోనూ, అన్ని పెట్టెల్లోనూ తలా కొన్ని.

ఆ పదకొండులో ఆరింటిని తన రివాల్వర్‌లో వేసి కాల్చింది. ఆరూ శుభ్రంగా పేలాయి. మిగతా ఐదింటిని సాక్ష్యానికి ఉంచుకుంది.

పజిళ్ళు నింపేటప్పుడు వాడే భూతద్దం తీసి, తన తుపాకీలో కాలిన తూటా డొల్లనీ, ట్వైలా దాంట్లో పేలని తూటానీ పక్కపక్కన పెట్టి చూసింది. ఈ చిన్న తూటాకి నిప్పంటుకునే మందు మధ్యలో ఉండదు, అడుగున అంచు చుట్టూ ఉంటుంది. ఆ అంచుని సుత్తి గట్టిగా కొట్టాలి. తన తుపాకీ కొట్టిన నొక్కు, ఉలితో కొట్టినట్టు లోతుగా ఉంది. ట్వైలా తుపాకీది గోటితో గిచ్చినట్టుంది.

"కొట్టడానికి నీకు మనసు రావట్లేదేంటే?" అని తుపాకీని పైకే అడిగింది వెల్డా.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. మొగుడు డ్యూయీ బతికుండగా నేర్పింది. రెండు తుపాకులూ ఖాళీ చేసి, ఒకటికి మూడుసార్లు కన్నాల్లో వేలు పెట్టి చూసుకుని, గొట్టం ఆకాశం వైపు ఉండేట్టు పట్టుకుని, ట్రిగ్గర్‌కి కొక్కెంతో పాల డబ్బా వేలాడదీసింది. ఆ దేశపు గాలన్ డబ్బా, మన నాలుగు లీటర్ల కంటే కాస్త తక్కువ. డబ్బా నిండా నీళ్ళు పోసినా వెల్డా తుపాకీ ట్రిగ్గర్ పడలేదు. ట్వైలాది ముప్పావు డబ్బాకే టక్కున పడిపోయింది.

వెల్డా బల్ల మీద చతికిలబడింది.

సోమవారం నాడు తను మురిసిపోయింది ఈ మెత్తదనానికే. విరిగిన మణికట్టుకి ఇంతకంటే ఏం కావాలి అనుకుంది. క్లబ్బు పత్రికలో నెలనెలా రాసే పేజీకి మొదటి వాక్యం కూడా రాసేసింది, వెన్నలాంటి ట్రిగ్గర్ అని. కొత్త తుపాకీకి అంత మెత్తదనం ఎక్కడిదని ఒక్కసారి ఆగి ఆలోచించలేదు. ట్రిగ్గర్ బరువంతా లోపలి స్ప్రింగ్‌ది. ఆ స్ప్రింగే సుత్తిని తోస్తుంది. స్ప్రింగ్ మెత్తనైతే వేలికి సుఖం, సుత్తికి నీరసం. పెద్ద తూటాల తుపాకీలో ఈ ముచ్చట కొంతవరకు చెల్లుతుంది. చిన్న తూటాల దాంట్లో చెల్లదు. ఈ సంగతి తనకి తెలుసు. తెలిసీ మురిసిపోయినందుకు తనని తాను ఓ తిట్టు తిట్టుకుంది.

అంటే ఎవరో లోపల చెయ్యి పెట్టారు. ఎవరు?

పిడి అడుగున ఉన్న ఒకే ఒక్క మరమేకు వైపు భూతద్దం తిప్పింది. మర తల మీద ఆవగింజంత చుక్క. గులాబీ రంగు గోళ్ళరంగు.

ఆ చుక్కని ఆవిడ ఎక్కడైనా గుర్తుపట్టగలదు. బిగించిన మర వదులవకుండా ఓ చుక్క గోళ్ళరంగు వేసేవాడు ఆ కౌంటీలో ఒక్కడే ఉన్నాడు. ఆ సీసా వాళ్ళావిడ మాక్సీన్‌ది. మాక్సీన్ పోయి తొమ్మిదేళ్ళయింది, సీసా మాత్రం అయిపోలేదు.

హర్షెల్ టకెట్ తుపాకుల కొట్టు పోస్టాఫీసు పక్కనే. వెల్డా తలుపు తోసేసరికి మూడున్నర. గల్లా దగ్గర హర్షెల్ చెల్లెలు, ఐనా అనే ఆవిడ, కూర్చుని ఊరబెట్టిన దోసకాయ కొరుక్కుంటూ పేపరు చదువుతోంది. వెనక గదిలో హర్షెల్, నుదుటికి భూతద్దాల పట్టీ కట్టుకుని ఏదో తుపాకీని ముక్కలు ముక్కలుగా పరుచుకుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. చర్చి పాటల్లో గొంతు ఈయనదే పెద్దది. డ్యూయీకి ప్రాణస్నేహితుడు. డ్యూయీ పోయినప్పుడు శవపేటిక ముందు మూల మోసింది ఈయనే.

వెల్డా మాట్లాడకుండా ఐదు తూటాల్ని ఓ కాగితం ప్లేటులో పోసి ఆయన ముందు పెట్టింది.

హర్షెల్ ఒకటి తీసి చూశాడు. "చచ్చు తూటాలు. ఈ మధ్య పెట్టెకి రెండు మూడు వస్తున్నాయి."

"ఇలాంటివే ఆరు నా దాంట్లో పేలాయి."

"అయితే ఆ పాత ఓనరు ఎవడో కెలికి ఉంటాడు."

"పాత ఓనరా? కొత్త తుపాకీ అని ట్వైలాకి అంటగట్టింది నువ్వేగా. ఎవరో కొని, వద్దని వదిలేశారు, సగం ధరకి తీసుకోమన్నావట."

"అదే చెప్తున్నా. ఆ వదిలేసినవాళ్ళు..."

వెల్డా తుపాకీని తిరగేసి, పిడి అడుగు ఆయన భూతద్దం కిందికి నెట్టింది. "ఆ వదిలేసినవాళ్ళకి కూడా మాక్సీన్ గోళ్ళరంగు సీసా ఇచ్చావా, హర్షెల్?"

ఆయన ఆ చుక్కని చూశాడు. తర్వాత నుదుటి పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు. ఆ పట్టీ లేకపోతే ఆయన కళ్ళు చిన్నగా, ముసలిగా ఉంటాయి.

"తలుపు వేసెయ్," అన్నాడు.

"తెరిచే ఉండనీ. గాలాడట్లేదు నాకు."

"ఓపల్ కొంది అది."

వెల్డాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఏ ఓపల్? కోయ్ వాళ్ళమ్మా?"

"ఆవిడే. నెల కిందట వచ్చింది. ట్వైలాకి ఇవ్వు, నేనిచ్చానని చెప్పకు అంది. నా కొడుకు ఆ పిల్ల చెయ్యి విరగ్గొట్టాడు, జైల్లోంచి బయటికొస్తే మళ్ళీ దాని మీదికి పోతాడు, దాని జేబులో ఏదైనా ఉంటే ధైర్యంగా ఉంటుంది అంది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి వెల్డా. ఏ అత్తగారు చేస్తుంది ఇలాగ?"

"తర్వాత?"

"తర్వాత వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. చేతి సంచీ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. హర్షెల్, అది పేలకుండా చెయ్యగలవా అంది."

ముందుగదిలో ఐనా దోసకాయ కొరకడం ఆపేసింది.

"చూపిస్తే చాలు, వాడు బెదిరి వెళ్ళిపోతాడు అంది. పిల్ల బతుకుతుంది, వాడూ బతుకుతాడు. నాకు వాడొక్కడే ఉన్నాడు హర్షెల్ అంది. ఏం చెప్పను నేను?"

"కుదరదని చెప్పాలి."

"నీకు పిల్లల్లేరు వెల్డా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కాని వెల్డా ఇవాళ దెబ్బలు లెక్కచూసుకునే స్థితిలో లేదు. "నాకు ముప్ఫై ఏళ్ళపాటు రోజుకి నలభై మంది పిల్లలున్నారు," అంది. "వాళ్ళలో కోయ్ గ్రిగ్స్ కూడా ఒకడు. వాడు బెదిరితే వెనక్కి తగ్గే రకం కాదు. రెండో క్లాసులోనే కాదు. వాడి మీదికి తుపాకీ ఎత్తి అది టిక్కుమంటే ఆ పిల్లని ఏం చేస్తాడో నీకు తెలీదా? తుపాకీ లేకపోతే పారిపోయేది. నువ్వు దాన్ని నిలబడేట్టు చేశావు, టిక్కుమనే దాన్ని చేతిలో పెట్టి."

"పూర్తిగా పేలకుండా చెయ్యలేదు. నూటికి తొంభై పేలతాయి. అలాగైనా..."

"అలాగైనా నీ మనసుకి బాగుంటుందని చేశావు. ఆవిడకీ మాట దక్కింది, నీకూ నిద్ర పట్టింది."

"పట్టలేదు," అన్నాడు హర్షెల్.

అన్న తీరు చూసి వెల్డా కోపం కాస్త తగ్గింది. చేతకానివాడి మీద అరిచినట్టుంది. ఆయన సొరుగులోంచి చిన్న కాగితం పొట్లం తీసి ముందుకు తోశాడు. అందులో అసలు స్ప్రింగ్ ఉంది. పారెయ్యలేదు, నెల రోజులుగా దాచాడు.

"కూర్చో. పావుగంటలో వేసేస్తా," అన్నాడు. "ట్రిగ్గర్ మళ్ళీ గట్టిపడుతుంది. ఆ పిల్ల లాగగలదా?"

"ఆరు వారాలు నా దాని మీద లాగింది. రెండు వేళ్ళు వాడి లాగుతుంది. ప్లేటు దాటదు."

హర్షెల్ పట్టీ కట్టుకుని పనిలో పడ్డాడు. ఆయన చేతులు మర మీద నిలకడగా కదిలాయి. ఇలాంటి చేతులు అలాంటి పని ఎలా చేశాయా అని వెల్డా ఆశ్చర్యంగా చూస్తూ కూర్చుంది. నెమ్మదిగా ఊపిరి తీసుకుంది. పట్టుకున్నాం, సరిచేశాం, నాలుగున్నరకి ట్వైలాకి అంతా చెప్పేయాలి, అబద్ధం ఆడినందుకు క్షమాపణ కూడా చెప్పాలి అనుకుంది.

మర బిగించి, గులాబీ చుక్క వేసి, ఆరడానికి ఊదాడు హర్షెల్. ఊదుతూ ఊదుతూ ఆగాడు.

"ఇంకోటి కూడా చెప్పాలి నీకు."

"చెప్పు."

"ఓపల్ రెండు చెయ్యమంది. రెండోది కోయ్‌ది. వాళ్ళ నాన్న పిస్టల్. వాడు తుపాకీ ముట్టుకోకూడదని జడ్జి చెప్పాడు గాని, ఓపల్ అది తన పేరు మీద ఉందని అటక మీద దాచింది. వాడొస్తే మొదట అదే వెతుకుతాడు, దొరక్కపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు, అది కూడా పేలకుండా చేసి ఇవ్వు అని తెచ్చిచ్చింది. రెండూ పేలకపోతే ఎవరికీ ఏం కాదు అంది."

ఆ తల్లి లెక్క ఇప్పుడు పూర్తిగా అర్థమైంది వెల్డాకి. పిచ్చి లెక్కే. కానీ అందులో ఎవరి మీదా పగ లేదు.

"చేశావా అది?"

"చెయ్యలేదు. మొదటిది చేశాకే నా మీద నాకు అసహ్యమేసింది. కవర్లో పెట్టి, పేరు రాసి, ఈ కింది సొరుగులో పడేశా. దాన్ని షెరీఫ్‌కి ఇచ్చేయమని ఓపల్‌కి చెబ్దామనే అనుకుంటున్నా. రోజూ అనుకుంటున్నా." వంగి కింది సొరుగు లాగాడు.

సొరుగులో రెండు పాత ఫైళ్ళు, ఓ నూనె డబ్బా ఉన్నాయి. కవరు లేదు.

హర్షెల్ ఫైళ్ళు ఎత్తి చూశాడు. పై సొరుగు లాగి చూశాడు. మళ్ళీ కింది సొరుగులోకి చెయ్యి పెట్టి తడిమాడు.

"ఐనా," అని పిలిచాడు. "ఓపల్ గ్రిగ్స్ కవరు చూశావా?"

"నిన్న ఇచ్చేశాగా," అంది ఐనా ముందుగదిలోంచి. "నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు వచ్చింది. మీ అన్న పని అయిపోయిందా అని అడిగితే, అయిపోయే ఉంటుందిలే, పేరు రాసి పెట్టాడుగా అన్నా. సంతకం కూడా పెట్టింది."

వెల్డా వెళ్ళి గల్లా మీది పుస్తకం తిప్పింది. బుధవారం, రెండూ పది. చర్చిలో ఆదివారం బడి చెప్పిన మనిషి గుండ్రటి చేతిరాత. ఓపల్ గ్రిగ్స్. సంతకం పక్కన, చోటు చాలక పైకి వంచి రాసిన ఒక వాక్యం కూడా ఉంది. 'దేవుడు నిన్ను చల్లగా చూడాలి హర్షెల్, ఇవాళ నిద్రపోతాను.'

గడియారం నాలుగు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది. పరవాలేదు, రేపు ఎనిమిది వరకు టైముంది అనుకుంది వెల్డా. ఇప్పుడే వెళ్ళి ఆ కవరు తీసుకుని నేరుగా షెరీఫ్ బల్ల మీద పెడితే సరి. గల్లా మీదున్న ఫోన్ లాక్కుని ఓపల్ నంబరు నొక్కింది. మూడు మోతలకి ఓపల్ ఎత్తింది. గొంతులో ఎన్నాళ్ళకో వినిపిస్తున్న హుషారు. వెనక పెనం మీద ఏదో చిటపటమంటోంది.

"ఓపల్, నేను వెల్డాని. నువ్వు హర్షెల్ దగ్గర తెచ్చుకున్న కవరు..."

"నీకూ చెప్పేశాడా? మగాళ్ళ కడుపులో మాట ఆగదు," అని నవ్వింది ఓపల్. "నేనే నీకు ఫోన్ చేద్దామనుకున్నా వెల్డా. జైల్లో మంచాలు చాలట్లేదట, ఇవాళ మధ్యాహ్నమే వదిలేశారు వాణ్ణి. బిస్కెట్ రొట్టెలు, గ్రేవీ చేసి పెట్టా. రెండుసార్లు వడ్డించుకున్నాడు."

"కోయ్ ఇంట్లో ఉన్నాడా?"

"ఇప్పుడే వెళ్ళాడు, పది నిమిషాలైంది. ట్వైలాతో మాట్లాడి వస్తానన్నాడు. గురువారాలు అది ఏ ఇళ్ళకి పోతుందో వాడికి తెలుసుగా."

వెల్డా చెయ్యి తన జేబు మీద పడింది. ఎడమ జేబులో తన రివాల్వర్. అవతల బల్ల మీద, గులాబీ చుక్క ఆరుతూ, ట్వైలా రివాల్వర్. రెండూ ఇక్కడే ఉన్నాయి. ఒక్క పూట ఖాళీగా తిరగలేవా అన్నది తనే.

"ఓపల్," అంది. "వాళ్ళ నాన్న పిస్టల్ ఎక్కడుంది?"

"అడిగాడు, ఇచ్చేశా." ఓపల్ గొంతు తగ్గించింది, పక్కన ఎవరో వింటున్నట్టు, రహస్యం పంచుకుంటున్నట్టు. "కంగారుపడకు వెల్డా. అది పేలదుగా."